ఉప్పునీళ్ళు తాగిన దివాణం మోటారు

మొన్న మా వాడ ఆడపిల్లలు నలుగురు నా దగ్గరకు వచ్చారు. ఎక్కడో ఒక పాత మోటారు చవకగా వస్తోందట. నలుగురూ కలిసి కొంటారట. పెద్దదాన్ని కాబట్టి బయానా నా చేత్తో ఇప్పించాలని వాళ్ళ కోరిక. నేను డబ్బు ముట్టుకోలేదు. కూర్చోబెట్టి ఒక్కటే అడిగాను.

"అది కదలకండా నిలబడిపోయిన రోజున ఏటి తింటాదే?"

నా ముప్పయ్యో ఏట ఒకాయన నన్నూ ఇదే మాట అడిగాడు. నేను వినలేదు. వినకపోతే ఏమైందో ఆ పిల్లలకు నోటితో చెప్పాను. మరికొందరికి పనికొస్తుందని ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. నా చదువు రెండో తరగతి. ఆ తర్వాత తట్ట నెత్తికెక్కింది. అక్షరాలు వంకరగా ఉంటే ఉండనీండి, జరిగింది మాత్రం వంకర లేకుండా చెబుతాను.

అవి తెల్లదొరల రోజులు. పలాసకు రైలు వచ్చి చాలా కాలమైంది గాని, టెక్కలి వీధిలో మోటారు కనబడితే జనం అరుగుల మీద నుంచి లేచి నిలబడేవారు. మాది భావనపాడు తీరం. మగవాళ్ళు వేటకు వెళ్ళేవారు, తెచ్చిన చేప అమ్మడం మా ఆడవాళ్ళ పని. తొమ్మిది మందిమి ఒక జట్టు. పడవ ఇసుక తాకగానే చేప వేలం పాడుకుని, తట్టలకెత్తుకుని, టెక్కలికి బయలుదేరేవాళ్ళం. ఐదు కోసుల దారి. దాన్ని నడక అనకూడదు. నెత్తి మీద తట్ట కదలకూడదు, కింద కాలు ఆగకూడదు. ఎండ ముదిరితే చేప కళ్ళు తెల్లబడతాయి. కళ్ళు తెల్లబడిన చేపను బేరమాడేవాడు కూడా ఉండడు.

మా జట్టులో అందరికన్నా పెద్దావిడను పెద్దమ్మ అనేవాళ్ళం. నాకు ఆవిడ ఏ వరసా కాదు. మెడ ఎలా నిలపాలో, బేరంలో ఎప్పుడు నోరు మూసుకోవాలో నాకు నేర్పింది ఆవిడే. మొగుడు వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. పిల్లలు లేరు. ఆవిడకున్న ఆస్తి అల్లా టెక్కలి సంతలో ఒక చోటు, గోనెపట్టా పరిచేంత. అక్కడ పొద్దు నడినెత్తికి వచ్చేదాకా గోడ నీడ పడేది. చేపలమ్మే ఆడదానికి ఆ నీడే మాగాణి.

ఆ చోట్లకు ఒక కట్టుబాటు ఉండేది. వరసగా మూడు సంతలు మనిషి రాకపోతే, సంతపన్ను, అదే ఆశీలు, వసూలు చేసేవాడు ఆ చోటు వేరేవాళ్ళకు ఇచ్చేస్తాడు. నా బదులు దీన్ని కూర్చోబెట్టుకో అని కబురు పంపితే చెల్లదు. ఎవరికైనా చోటు ఇవ్వాలన్నా, ఆ చోట కూర్చుని, ఆశీలువాడి ఎదుట చెప్పి ఇవ్వాలి.

పెద్దమ్మకు మోకాళ్ళు పట్టేశాయి. మొదట దారిలో ఒకచోట ఆగేది, తర్వాత మూడు చోట్ల. ఆవిడ కోసం ఆగితే మా చేపా చెడేది.

"మోకాళ్ళు నా మాటినడం మానీసినాయే," అంది ఒకరోజు.

"నీ మాటినలేకే అయి పారిపోనాయి పెద్దమ్మా," అంది నా వదిన. అందరం నవ్వాం. ఆవిడా నవ్వింది. నవ్వుతూనే కాళ్ళు చాపుకుని పిక్కలు పిసుక్కుంది. ఇంకొక్క ఏడాది కూడా ఆవిడ ఈ దారి నడవలేదని నాకు అప్పుడే తెలిసిపోయింది.

ఎడ్లబండి మీద పంపించొచ్చు కదా అంటారు. ఎండాకాలం మా దారిలో బండి దొరకదు. నౌపడా ఉప్పుమళ్ళలో ఉప్పు ఎత్తే రోజులవి. చుట్టుపక్కల బండ్లన్నీ ఉప్పు కిందే ఉండేవి.

అప్పుడు వచ్చింది మోటారు సంగతి. ఒక దివాణంలో చినదొరగారు పరుగు కోసమని పై దేశం నుంచి తెప్పించుకున్న బండి. పెద్ద ఇంజను, పొడుగాటి మూతి, కప్పు లేదు. పెద్ద రోడ్డు మీద వదిలితే రైలుతో సమానంగా పోయేదని చెప్పుకునేవారు. ఆయనకు దాని మీద మోజు తీరిపోయింది. కొట్టంలో పడి ఉంది. జత ఎడ్లకు పెట్టే ధర కన్నా తక్కువకు ఇస్తామన్నారు. వలలకని దాచుకున్నది తొమ్మిది మందిమీ తీసి కలిపితే సరిపోయింది. ఇందులో ముందు నడిచింది నేనే. ఒకరి మీద పెట్టను.

కొనే ముందు, కవిటి తోటల కొబ్బరికాయలు పలాసలో రైలుకెక్కించే వర్తకుణ్ణి అడిగాను. ఆయనకు మోటార్ల సంగతి తెలుసు. మా వైపు అక్కను అప్ప అంటారు, ఆయనా నన్ను అలాగే పిలిచేవాడు.

"ఊరికినే ఇచ్చినా నాను తోలుకెల్లనప్పా," అన్నాడు. "పరిగెట్టిన రోజు ఏటి తింటాదో అందరూ అడుగుతారు. నిలబడ్డ రోజు ఏటి తింటాదో అడిగినావా?"

మాకు రాకుండా చేసి తనే చవకగా కొట్టేద్దామని చూస్తున్నాడనుకున్నాను. మర్నాడే బయానా ఇచ్చేశాను.

దివాణంలో ఆ బండి తోలిన డ్రైవరు బండితో పాటు మాకే వచ్చాడు. నడివయసు మనిషి. తక్కువ మాటలవాడు. చేపల తట్టలు ఎక్కించిన రోజున బండి చుట్టూ ఒకసారి తిరిగి, తోలు సీట్లు తడిమి, ఏమీ అనకుండా ఎక్కి కూర్చున్నాడు. మా ఆడవాళ్ళు మోటారుకు దొరసాని అని పేరు పెట్టి, పొద్దున్నే అతన్ని ఆటపట్టించేవారు.

"బావా, దొరసానికి మేతెట్టినావా?"

"ఎట్టినాను. మీ మగోళ్ళందరి కన్నా ఎక్కువే తింటాది," అనేవాడు.

మొదటి సంతనాడు పెద్దమ్మ ముందు సీట్లో కూర్చుంది. ఎప్పుడూ చెమటతో చేరే మనిషి ఆ రోజు ఎండిన మొహంతో దిగింది. మేం తెచ్చిన చందువాలు అప్పుడే నీళ్ళలోంచి తీసినట్టు ఉన్నాయి. అరపూటలో తట్టలు ఖాళీ అయ్యాయి. తిరుగుదారిలో పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఇంకో పదేళ్ళు కూకుంటానే," అంది. ఆ మాట విన్నాక మోటారు కొనడం తప్పని ఎవరు చెప్పినా వినే స్థితిలో లేను.

మా తప్పు ఎక్కడ మొదలైందో చెబుతాను. ఇది చేపలవాళ్ళు మాత్రమే చేసే తప్పు. మా ఒడ్డున వేటలో పడింది పంచేటప్పుడు మనుషులకు తలా ఒక వాటా, వలలకు వాటా, పడవకు ఒక వాటా తీస్తారు. పడవ వాటా తాడుకీ తారుకీ కొత్త పలకకీ చాలుతుంది, కొంత మిగులుతుంది కూడా. పడవ అంత మర్యాదైనది. వేట లేని రోజుల్లో తాటాకు కప్పితే చాలు, ఏమీ అడగదు. కుట్టు ఊడితే కొబ్బరితాడుతో మన చేతులే కుడతాయి. మేం మోటారుకూ అచ్చంగా పడవలాగే ఒక్క వాటా తీశాం. ఇంకేం కావాలి అనుకున్నాం.

అది ఆ వాటాను వారంలో మొదటి రెండు రోజుల్లో తినేసేది. పరుగు కోసం పుట్టిన ఇంజను మా ఇసుక దారిలో, ఉప్పు బండ్ల వెనక, నత్తలా పోవాలి. మెల్లగా పోయినంత మాత్రాన పెట్రోలు తక్కువ తాగదు, ఇంకా ఎక్కువ తాగుతుంది. ఆ పెట్రోలు డబ్బాలు టెక్కలిలో దొరికేవి గాని, దాని టైర్లు అక్కడా లేవు, పలాసలోనూ లేవు. ఆ కొలతవి మద్రాసు నుంచి రైల్లో రావాలి. మామూలు నూనె పోస్తే ఇంజను దగ్గేది. చేపల నీరు కారి అడుగు రేకు తుప్పు పట్టింది. నడవని రోజూ డ్రైవరు తినాలి. ఉప్పుగాలికి నిలబడే చోటే ఏదో ఒకటి పాడయ్యేది. చీలిన టైరును తాడుతో కుట్టలేం. పలకలాగా చెక్కి బిగించలేం. ప్రతిదీ ఎవరినో అడగాలి, వాళ్ళు చెప్పింది ఇవ్వాలి.

మా వదిన మొహం మీదే అడిగింది. "దొరసానికి ఇంకో వాటా తీయాలంటావేటి?"

"తీయను. ఎలగోలాగ సరిపెడతాను," అన్నాను. సరిపెట్టడంలో నన్ను మించినవాళ్ళు లేరని నాకు గర్వం. ఆ గర్వమే నీళ్ళ దగ్గరకు తీసుకువెళ్ళింది.

మెల్లగా పోయినప్పుడల్లా ఆ ఇంజను మరిగిపోయేది. ముందున్న తొట్టెలో నీళ్ళు పోస్తూ ఉండాలి. టెక్కలి వెళ్ళి వచ్చేసరికి మూడు కుండలు. తీపినీళ్ళే పోయాలని డ్రైవరు మొదటి రోజే చెప్పాడు. మాకు తీపినీళ్ళంటే ఇసుకలో తవ్విన చెలమలు. ఎండాకాలం చెలమ దగ్గర చిప్పతో ముంచుకుంటూ కూర్చుంటే, ఒక కుండ నిండేసరికి ఒంటిపూట పోతుంది. వాడలో గొడవ మొదలైంది.

"నా పిల్లగుంటలు తాగే నీళ్ళు ఆ ఇనపముండకి పోత్తన్నావు," అంది పక్కింటావిడ. ఆవిడ మాటలో తప్పు లేదు.

ఉప్పుటేరు మా ఇళ్ళ వెనకే నిండుగా పారుతోంది. మా పడవలు పుట్టినప్పటి నుంచి ఆ నీళ్ళలోనే ఉన్నాయి, ఒక్కటీ చెడలేదు. ఇనుముకు నాలుక ఉంటుందా అనుకున్నాను. ఒక పొద్దున్న డ్రైవరు రాకముందే అతని నీళ్ళ డబ్బాలు ఏటిలో ముంచి తెచ్చి పెట్టాను.

"సెలమ నీళ్ళేనా అప్పా?" అన్నాడు.

"మరేటి నీళ్ళు," అన్నాను.

నలభై ఏళ్ళు బేరాలు చేశాను, చిన్నా పెద్దా అబద్ధాలు చాలా ఆడాను. ఇలా లెక్కపెట్టి గుర్తుపెట్టుకున్నది ఇదొక్కటే. రెండు నెలలు ఆ నీళ్ళే పోయించాను. బండి నడుస్తూనే ఉంది. చెలమ దగ్గర గొడవ ఆగింది. మంచిపని చేశాననే అనుకున్నాను.

తర్వాత టైరు పేలింది. మద్రాసు నుంచి రావాలి. మేం ఎనిమిది మందిమీ పాత అలవాటుగా తట్టలెత్తుకుని నడిచాం. పెద్దమ్మ రాలేకపోయింది. ఒక సంత పోయింది. టైరు రాలేదు. రెండో సంతా పోయింది. ఆశీలువాడు నన్ను పిలిచి, "మీ పెద్దమ్మకి సెప్పు. వచ్చే సంతకి రాకపోతే నా సేతిలో ఏటీ నేదు," అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. కట్టుబాటు అందరికీ ఒకటే.

మూడో సంతకు ముందురోజు టైరు నౌపడా స్టేషన్లో దిగింది. డ్రైవరు వెళ్ళి తెచ్చి, చీకటి పడేలోపు బిగించాడు. పొద్దున్నే పెద్దమ్మ ఉతికిన కోక కట్టుకుని అందరికన్నా ముందు వచ్చి ముందు సీట్లో కూర్చుంది. ఆ రోజు వంజరాలు పడ్డాయి. ఇంతకన్నా మంచి రోజు రాదనుకున్నాం.

నౌపడా ఉప్పుమళ్ళ దగ్గరకు వచ్చేసరికి బండి మూతిలోంచి ఆవిరి లేచింది. డ్రైవరు ఆపి, డబ్బాలో నీళ్ళు పోశాడు. లోపలికి దిగలేదు, పైకే పొంగి వచ్చేశాయి. కాసేపు ఆగి మళ్ళీ తోలాడు. నాలుగు బారలు పోయామో లేదో, ఇంజను లోపల ఇనుము ఇనుమును కరిచిన చప్పుడైంది. అంతే. దాని తర్వాత ఆ బండి మళ్ళీ పలకలేదు.

డ్రైవరు మూత విప్పి చూశాడు. అంచు చుట్టూ తెల్లగా గట్టిగా పేరుకుపోయి ఉంది. ఉప్పుమళ్ళ గట్టు మీద ఎలా పేరుకుంటుందో అచ్చం అలాగే. అతను వేలితో గోకి నాలుక మీద వేసుకున్నాడు. తలెత్తి నా వైపు చూశాడు. నేను కళ్ళు దించుకున్నాను.

"ఏటైనాది నాయినా?" అని పెద్దమ్మ అడిగింది.

అతను గుడ్డతో వేలు తుడుచుకున్నాడు.

"పాతది కదా పెద్దమ్మా," అన్నాను నేను. "పాత బండి అలగే ఆగిపోద్ది."

టెక్కలి ఇంకా రెండు కోసులు. మిగతావాళ్ళు తట్టలెత్తుకుని నడక మొదలుపెట్టారు. ఎదురుగా ఉప్పు బండి ఒకటి వస్తే ఆపి బతిమాలాను. "ఉప్పు దింపీసి నిన్నెక్కించుకుంటే మేత్త్రి నన్ను ఉద్యోగంలో ఉంచుతాడేటి," అని అతను ఎడ్లను అదిలించాడు. పెద్దమ్మ మాత్రం ఎవరినీ ఏమీ అడగలేదు. బండి దిగి, కోక కుచ్చిళ్ళు పైకి దోపుకుని, నా భుజం మీద చెయ్యి వేసింది.

"నీ తట్టతో పాటు నాదీ ఎవులికైనా పంచీ. నడుద్దాం."

"నీ వల్ల కాదు."

"నా వల్ల కానిది నాకు తెల్దా. నడు."

ఆ రెండు కోసులూ ఎలా నడిచామో నేను రాయలేను. ఆవిడ మూలగలేదు. నా భుజం మీద ఆవిడ వేళ్ళు మాత్రం దిగబడిపోయాయి, నాలుగు రోజులు ఆ గుర్తులు పోలేదు. దారి పొడవునా ఉప్పునీళ్ళ మాట నా నోటి దాకా వచ్చింది. చెబితే నా భుజం మీది చెయ్యి తీసేస్తుందని భయం. తీసేస్తే పడిపోతుంది. ఇలా నాకు నేను సాకు చెప్పుకుంటూ నడిచాను.

సంతకు చేరేసరికి వేరే రేవు నుంచి వచ్చిన ఒకామె ఆ చోటు కోసం గోనె మడత పట్టుకుని నిలబడి ఉంది, ఆశీలువాడు ఆమెతో మాట్లాడుతున్నాడు. పెద్దమ్మ వాళ్ళ మధ్యలోంచి వెళ్ళి, తన చోట కూర్చుంది. కూర్చోవడం కాదు, కూలబడింది. మిగతావాళ్ళు తెచ్చిన వంజరం ఒకటి తీసి ఎదురుగా పెట్టుకుంది. కాసేపు ఊపిరి తీసుకుని ఆశీలువాణ్ణి పిలిచింది.

"బాబూ, నానొచ్చినాను. సూసినావు కదా?"

"సూసినాను పెద్దమ్మా. నీ సోటు నీదే."

"నాది కాదు. ఇంక నాను రాలేను. ఇది నా మడిసి." నా కోక కొంగు పట్టుకుని పక్కకు లాగింది. "నన్ను మోసుకొచ్చినాది. నా సోటు దీనికిత్తన్నాను."

జట్టులో నాకన్నా ముందు వచ్చినవాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళు అడ్డు చెప్పకుండా తట్టలు దింపుకున్నారు. నేను ఉప్పునీళ్ళ మాట ఎత్తలేదు. ఆవిడ లేచి, నన్ను కూర్చోబెట్టింది. నేను కూర్చున్నాను.

మోటారును ఎడ్లతో లాగించుకొచ్చాం. పనికొచ్చే ఇనుము ఎవరో కొనుక్కున్నారు. మిగతాది ఒడ్డున ఇసుకలో దిగిపోయింది. కొత్త వలలకు మాకు మళ్ళీ నాలుగేళ్ళు పట్టింది. డ్రైవరు దివాణానికి తిరిగి వెళితే, చేపల బండి తోలినవాడు వద్దన్నారు. పలాస స్టేషన్లో మూటలు మోసే పనిలో చేరాడని విన్నాను. మోటారు ఎంత తింటుందో లెక్కేసేటప్పుడు అతన్ని కూడా అందులో వేయాలి. ఉప్పునీళ్ళ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

పెద్దమ్మను ఎండు చేపల దిబ్బ దగ్గర కాపలా పెట్టుకున్నాం. కవళ్ళనే చిన్న చేపలు ఎండబెట్టిన చోట కర్ర పట్టుకుని కాకులను అదిలిస్తూ కూర్చునేది. చేప అమ్మి వచ్చాక రోజూ నేనే గంజి పట్టుకెళ్ళి, ఆముదం వెచ్చచేసి మోకాళ్ళకు రాసేదాన్ని. అందరూ నన్ను మెచ్చుకునేవారు. కన్నకూతురు కూడా ఇలా చెయ్యదనేవారు. ఆ మెప్పు భరించలేక, ఏడాది తర్వాత ఒక సాయంత్రం ఆముదం రాస్తూ నోరు విప్పాను.

"పెద్దమ్మా, బండి పాతదై ఆగిపోనేదు. నాను ఉప్పుటేటి నీళ్ళు పోయించినాను."

ఆవిడ ఒక కాకిని అదిలించింది. "ఎన్నాళ్ళు?"

"రెండు నెలలు."

"డ్రైవరుకి తెలుసా?"

"ఆ రోజే నాలిక మీదేసుకుని సూసినాడు."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"ఆ రోజు దారిలో సెప్పుంటే నా సోటు నీకిచ్చేదాన్ని కాదు," అంది. "మీ వదినకిద్దును. అది నోటి దురుసుదే గాని, అడిగిందానికి ఉన్నది ఉన్నట్టు సెప్తాది."

"ఇప్పుడిచ్చీ. వచ్చే సంతకి దాన్ని కూకోబెట్టీసి నాను తప్పుకుంటాను."

"ఇయ్యాలంటే నాను టెక్కిల్లో ఆ గోనె మీద కూకోవాల కదే," అంది. "ఇంకెలగెల్తాను?"

ఆవిడ కర్ర పక్కన పెట్టి, ఇంకో కాలు ముందుకు చాపింది.

"దీనికీ రాయి. బేగి రాయి, ఎండ తగ్గిపోనాది."

రాశాను.